ఏలూరు ఉన్ని తివాచీ మీద ఇంకు బుడ్డి ఒలికింది, ఎలా తీయాలి?

బెజవాడ శైలు

అందరికీ నమస్కారం. తివాచీల సంగతి తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి తొందరగా చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

మా మామగారు ఇప్పటికీ ఇంకు పెన్నుతోనే రాస్తారు. రాజమండ్రి రత్నం పెన్ను ఒకటి ఆయన జేబులో ఎప్పుడూ ఉంటుంది. ఇవాళ మధ్యాహ్నం హాల్లో కూర్చుని ఫిల్లర్‌తో ఇంకు పోసుకుంటుంటే, మా చిన్నది బంతి కోసం టీపాయ్ కిందికి దూరింది. బుడ్డి తిరగబడింది. కొంత టీపాయ్ మీద, మిగిలిందంతా తివాచీ మీద. రాయల్ బ్లూ ఇంకు.

తివాచీ మా అత్తగారి పెళ్ళప్పుడు వాళ్ళ నాన్నగారు ఏలూరులో చేయించి ఇచ్చింది. మీగడ రంగు మీద పువ్వులు, చుట్టూ మెరూన్ అంచు. అత్తగారు పోయాక అది ఆ హాల్లోంచి ఎక్కడికీ కదల్లేదు. ఇప్పుడు మీగడ రంగు మీద అరచెయ్యంత నీలం మరక, అంచు మీద కొన్ని చుక్కలు. మామగారు పాపని ఒక్క మాట అనలేదు. గదిలోకి వెళ్ళి పడుకున్నారు, టీ కూడా తాగలేదు. అందుకే నాకు ఇది ఎలాగైనా పోవాలని ఉంది.

ఇప్పటిదాకా టిష్యూ పేపర్లు పెట్టి ఒత్తాను. ఒత్తినకొద్దీ నీలం వస్తూనే ఉంది. పక్కింటావిడ నిమ్మకాయ, ఉప్పు రాసి వేడినీళ్ళతో కడగమంటున్నారు. మా చెల్లి గోరువెచ్చని పాలు పొయ్యమంటోంది. డ్రై క్లీనింగ్ అబ్బాయికి ఫోన్ చేస్తే తీసుకురండి చూద్దాం, గ్యారంటీ మాత్రం ఇవ్వం అన్నాడు. ఏది చెయ్యను?

మధు

శైలు గారూ, హ్యాండ్ శానిటైజర్ ట్రై చెయ్యండి. మా సోఫా మీద మా వాడు బాల్ పెన్నుతో పెద్ద గీత గీస్తే శానిటైజర్ దూదికి అద్ది తుడిచాను, చాలావరకు పోయింది. టూత్‌పేస్ట్ కూడా పనిచేస్తుందంటారు.

ఉన్నీ ముడీ

శైలు అక్కా, ముందు ఆ నిమ్మకాయ పక్కన పెట్టెయ్యండి. వేడినీళ్ళు అసలే వద్దు. ఇప్పటిదాకా రుద్దకుండా ఒత్తారు కదా, మంచి పని చేశారు.

మాది ఏలూరే. ఇంట్లో పాత రోజుల నుంచి మగ్గం ఉంది. ఇప్పుడు కొత్త నేత తగ్గిపోయింది, నేను ఎక్కువగా పాత తివాచీల ఉతుకు, మరమ్మతు చూస్తుంటాను. మీ అత్తగారి తివాచీ లాంటివి వస్తే చేతిలోకి తీసుకోగానే ప్రాణం లేచివస్తుంది. పెర్షియా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలు నేర్పిన పని అది. ఒక్కో ముడీ వేలితో వేసిందే. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

నిమ్మకాయ ఎందుకు వద్దంటున్నానంటే, మేము ఉన్నికి రంగు వేసే పద్ధతే అది. డేగిసాలో నీళ్ళు మరగబెట్టి, రంగు వేసి, దాంట్లో యాసిడ్ కలిపి ఉన్ని ముంచుతాం. పులుపూ వేడీ కలిస్తేనే ఉన్ని రంగుని పట్టుకుంటుంది, ఆ తర్వాత ఎన్ని ఉతుకులు ఉతికినా వదలదు. మీ రాయల్ బ్లూ ఇంకులో ఉండే నీలం కూడా దాదాపు ఆ జాతి రంగే. నిమ్మరసం పిండి వేడినీళ్ళు పోస్తే మరక తీసినట్టు కాదు, మీగడ రంగు ఉన్నికి మన చేతులతో మనమే నీలం అద్దకం వేసినట్టు. బట్టల మీద, అదీ నూలు బట్టల మీద, నిమ్మకాయ కొన్ని మరకలకి పనిచేస్తుంది కాబట్టి అందరూ అదే చెబుతారు. ఉన్ని వేరు.

పాలు కూడా వద్దు. పాలలో కొవ్వు, మాంసకృత్తులు ముడుల్లో ఉండిపోతాయి. మన బెజవాడ ఉక్కకి రెండు రోజుల్లో వాసన మొదలవుతుంది, తర్వాత పురుగు కూడా పడుతుంది. బ్లీచింగ్ లిక్విడ్ అయితే ఇంట్లో ఉన్నా ఆ గదిలోకే తీసుకురాకండి. క్లోరిన్ ఉన్నిని తినేస్తుంది. మరకతో పాటు తివాచీ కూడా పోతుంది.

ఇక చెయ్యాల్సింది. ముందు తివాచీ మరక ఉన్న చోట వెనక్కి మడిచి కింద చూడండి. అడుగున ఉన్న పడుగు, పేక (నిలువు, అడ్డ దారాలు) నూలువి, పైన ముడివేసిందే ఉన్ని. ఇంకు వెనక వైపు కనిపిస్తోందంటే నూలు దాకా దిగిందన్నమాట. నూలు తాగిన ఇంకే ఆరేటప్పుడు మళ్ళీ పైకి పాకుతుంది, అప్పుడు పోయిన మరక తిరిగొచ్చిందని జనం కంగారు పడతారు.

తర్వాత మెరూన్ రంగు దిగుతుందో లేదో చూసుకోవాలి. ఇది మాత్రం వదలకండి. తెల్ల చేతిరుమాలు మూల చల్లనీళ్ళలో తడిపి పిండి, అంచులో కనపడని చోట పెట్టి, మీద గ్లాసు బరువు పెట్టి పది నిమిషాలు ఉంచండి. రుమాలుకి ఎరుపు అంటితే అంచు దగ్గర నీళ్ళు వాడకూడదు. పాత తివాచీల్లో ఎరుపు, ముదురు నీలం రంగులే ముందు దిగుతాయి.

మీగడ రంగు భాగానికి మాత్రం నీళ్ళే మందు. మరక కింద పాత టర్కీ టవల్ నాలుగు మడతలు వేసి పెట్టండి. ఇంట్లో ఉన్నవాటిలో బాగా తాగే టవల్ చూసుకోండి. ఒక టీ చెంచాతో చల్లటి మంచినీళ్ళు మరక మీద కొద్దికొద్దిగా, బయటి అంచు నుంచి మధ్యకి పోయండి. చెంచా నీళ్ళు పోశాక వెంటనే పైన తెల్ల గుడ్డ పెట్టి అరచేత్తో ఒత్తండి. గుడ్డ తీసి చూస్తే నీలం అంటి ఉంటుంది. గుడ్డలో శుభ్రంగా ఉన్న చోటు పెట్టి మళ్ళీ ఒత్తండి. కింద టవల్ నీలం అవుతుంటే మడత తిప్పండి. రంగు గుడ్డలు, న్యూస్‌పేపర్ వాడొద్దు. ఇది విసుగు పని, కానీ ఇంకు ఇంకా తడిగా ఉంది కాబట్టి సగానికి పైగా మరక ఈ చెంచా నీళ్ళతోనే పోతుంది. నీళ్ళ ఇంకు నీళ్ళకే వస్తుంది.

నీలం రావడం తగ్గాక, ఉన్ని బట్టలకి వాడే లిక్విడ్ ఉంటుంది చూడండి, స్వెటర్లు ఉతికేది, అది గ్లాసు చల్లనీళ్ళలో అర చెంచా కలిపి ఇలాగే అద్దండి. సర్ఫు, సబ్బుబిళ్ళ వద్దు, వాటిలో క్షారం ఎక్కువ. తర్వాత మళ్ళీ ఉత్త నీళ్ళు, సబ్బు జిగురు పోయేదాకా. సబ్బు మిగిలితే అక్కడే దుమ్ము పట్టి ఇంకో నెలకి నల్ల మచ్చ అవుతుంది.

చివర్లో పొడి టవల్ మడిచి మరక మీద పెట్టి, దాని మీద ప్లాస్టిక్ కవరు వేసి, బరువైన పుస్తకాలో బియ్యం డబ్బానో పెట్టి రాత్రంతా వదిలెయ్యండి. నూలులో మిగిలిన ఇంకు పైకి పాకినప్పుడు ఉన్నిలో ఆగకుండా టవల్లోకి వెళ్తుంది.

మధు అన్నా, మీ సోఫా మీద పనిచేసింది కరెక్టే, అది బాల్ పెన్ను. ఆ ఇంకు నూనె లాగా చిక్కగా ఉంటుంది, స్పిరిట్‌లోనే కరుగుతుంది. ఇది అలాంటి ఇంకు కాదు. పైగా జెల్ శానిటైజర్‌లో గ్లిజరిన్, జిగురు ఉంటాయి, ముడుల్లో పడితే తియ్యలేం. టూత్‌పేస్ట్‌లో ఉండే సన్న పొడి కూడా అంతే.

కెమిస్ట్రీ మాస్టారు

ఏలూరు మిత్రులు చెప్పింది అక్షరాలా నిజం. దానికి కొంచెం కలుపుతాను. మనం అన్నిటినీ ఇంకు అంటాం గానీ లోపల సరుకు వేరు వేరు. ఫౌంటెన్ పెన్ను ఇంకు నీళ్ళలో కరిగిన రంగు. బాల్ పెన్ను ఇంకు చిక్కటి ద్రావకాల్లో కరిగిన రంగు, దానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి. పర్మనెంట్ మార్కర్ కూడా ఎక్కువగా ఆల్కహాల్‌కే లొంగుతుంది. జెల్ పెన్నుల్లో చాలావాటిలో రంగు కరిగి ఉండదు, సన్నని పొడిగా తేలుతుంటుంది. అది పోగుల మధ్య ఇరుక్కుంటే దేనికీ కరగదు, సబ్బునీళ్ళతో కదిలించి బయటికి లాగాలి. అందుకే జెల్ మరక పూర్తిగా పోవడం కష్టం.

పాతకాలపు బ్లూ బ్లాక్ ఇంకుల్లో ఇనుప లవణం ఉండేది. రాసినప్పుడు నీలంగా ఉండి గాలి తగిలితే నల్లబడేది. దాని మీద క్లోరిన్ బ్లీచ్ వేస్తే నీలం పోయి తుప్పు రంగు మిగులుతుంది. ఓటు వేసినప్పుడు వేలికి పూసేది ఇంకో రకం, సిల్వర్ నైట్రేట్, 1962 ఎన్నికల నుంచి వాడుతున్నారు. వెలుగు తగిలి నల్లబడుతుంది, ఏ సబ్బుకీ, ఏ స్పిరిట్‌కీ పోదు. ఏ మరకైనా ముందు బుడ్డి మీద లేబుల్ చూడటం మంచిది. శైలు గారి విషయంలో రాయల్ బ్లూ కావడం అదృష్టం, మన షాపుల్లో దొరికే ఇంకుల్లో సులువుగా వదిలే రంగుల్లో అదొకటి.

డల్లాస్ అన్నయ్య

మా వైపు పరిస్థితి వేరేలెండి, కానీ ఇక్కడి తెలుగువాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను. ఇక్కడ అపార్ట్‌మెంట్లలో గోడ నుంచి గోడ దాకా కార్పెట్ అతికించి ఉంటుంది. ఖాళీ చేసేటప్పుడు మరక కనిపిస్తే డిపాజిట్‌లో కోస్తారు. మా అబ్బాయి హోమ్‌వర్క్ చేస్తూ బాల్ పెన్ను నేల మీద వదిలేశాడు, మూత లేదు, మా నాన్నగారి కాలి కింద పడి రీఫిల్ పగిలింది.

ఇక్కడి కార్పెట్లు ఎక్కువగా నైలాన్, పాలియెస్టర్, ఓలెఫిన్ లాంటి సింథటిక్ పోగులవి. ఫార్మసీలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరుకుతుంది. తెల్ల గుడ్డకి తడిపి అద్దుతూ తీశాను. సీసాతో నేరుగా కార్పెట్ మీద పొయ్యకూడదు. కింద పొరల్ని అతికించే లేటెక్స్ జిగురు ఆల్కహాల్‌కి మెత్తబడి ఊడొచ్చు, ఇంకు కూడా కింద ఫోమ్ దాకా వెళ్తుంది. ఇంకో మాట, చేసేటప్పుడు స్టవ్, దీపం, అగరుబత్తి అన్నీ ఆర్పి కిటికీ తీయండి. ఆవిరి అంటుకుంటుంది. మా అమ్మ పూజ చేసుకుంటుంటే ఆ పని పూర్తయ్యేదాకా ఆగాను.

అద్దెకి దొరికే వేడినీళ్ళ మెషిన్‌తో ముందే కడిగేద్దామని చాలామంది చూస్తారు. ఇంకు తీయకుండా దాన్ని తిప్పితే గజం మేర నీలం పులుముకుంటుంది.

ఓరుగల్లు పిల్ల

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మాది కొత్తవాడలో నేసిన జంపఖానా, వరంగల్ డరీ అని 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది కదా, అలాంటిది. నూలుదే. దాని మీద నల్ల జెల్ పెన్ను మరక ఉంది, పాతది. మాస్టారూ, దానికి దారి లేదా?

కెమిస్ట్రీ మాస్టారు

అమ్మా, నూలు కాబట్టి ఉన్ని కంటే ధైర్యంగా పని చెయ్యొచ్చు. రంగు దిగదని ఒక మూల చూసుకుని, సబ్బునీళ్ళలో మరక ఉన్న భాగం కాసేపు నాననిచ్చి, మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో నేత పోగుల వెంట మాత్రమే, అడ్డంగా కాకుండా, నెమ్మదిగా కదిలించండి. కింద తెల్ల గుడ్డ ఉండాలి. పాత జెల్ మరక కాబట్టి లేతగా నీడ మిగలొచ్చు. బ్లీచ్ వేస్తే జంపఖానా చారల రంగు పోతుంది కానీ ఆ నలుపు పోదు, కాబట్టి దాని జోలికి వెళ్ళొద్దు.

బెజవాడ శైలు

ఏలూరు తమ్ముడూ, మీరు చెప్పినట్టే చేశాను. మా ఆయన టవళ్ళు మారుస్తుంటే నేను చెంచాతో పోశాను. నీళ్ళు పడగానే నీలం ఎలా కదిలి గుడ్డలోకి వచ్చిందో చూసి నమ్మలేకపోయాను. మొదట గుడ్డ ముదురు నీలం, తర్వాత ఆకాశం రంగు, చివరికి ఉందా లేదా అన్నంత. రాత్రి పడుకునేసరికి మీగడ రంగు మీద లేత నీడ మాత్రమే మిగిలింది. మామగారు లేచి వచ్చి కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశారు. "చాలమ్మా, ఇంక పడుకోండి" అన్నారు. ఆ తర్వాత అన్నం తిన్నారు.

ఇప్పుడు రెండు సందేహాలు. పొద్దున బియ్యం డబ్బా తీసి చూస్తే టవల్‌కి నీలం బాగా అంటింది, కానీ ఉన్ని కొసల్లో కూడా రాత్రి కంటే కొంచెం ఎక్కువ నీలం కనిపిస్తోంది. ఇంకోటి, అంచు దగ్గర రుమాలు పరీక్ష చేస్తే ఎరుపు అంటింది. ఆ చుక్కల్ని ఏం చెయ్యాలి? డ్రై క్లీనింగ్‌కి ఇచ్చెయ్యమంటారా?

ఉన్నీ ముడీ

అక్కా, చదువుతుంటే చాలా సంతోషం వేసింది. మామగారు అన్నం తిన్నారంటే సగం పని అయిపోయినట్టే.

కొసల్లో నీలం తిరిగి రావడం నేను చెప్పిన పాకుడే. భయపడకండి, అది కింద నుంచి బయటికి వస్తున్న ఇంకు. మళ్ళీ అదే పద్ధతి, ఈసారి నీళ్ళు తక్కువ, ఒత్తిడి ఎక్కువ. చెంచాడు నీళ్ళు పోసి, పొడి టవల్ పెట్టి, పిల్లలు కాకుండా పెద్దవాళ్ళు ఎవరైనా దాని మీద కాసేపు నిలబడండి, చేతి బలం చాలదు. ఆ తర్వాత మళ్ళీ బరువు పెట్టండి. టవల్‌కి నీలం అంటడం ఆగిపోయేదాకా ఇలా సాగించొచ్చు. మధ్యలో హెయిర్ డ్రయర్, ఇస్త్రీ పెట్టె పెట్టి ఆరబెట్టకండి, వేడి సంగతి చెప్పాను కదా. ఎండలో కూడా వద్దు, ఉన్ని పసుపెక్కుతుంది. నవారు మంచం మీద పరిస్తే కింద నుంచి కూడా గాలి ఆడుతుంది, పైన ఫ్యాన్ వెయ్యండి. అడుగు నూలు పూర్తిగా ఆరాలి. పైన ఆరినట్టున్నా లోపల తడి ఉంటే నూలు కుళ్ళుతుంది. వేళ్ళతో ఉన్ని విడదీసి ముడి దగ్గర ముట్టుకుని చూడండి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

టవల్‌కి ఇంక ఏమీ అంటడం లేదు అన్నాక, అప్పుడు మాత్రమే, తెల్ల వెనిగర్ ఒక చెంచా గ్లాసు చల్లనీళ్ళలో కలిపి మీగడ రంగు భాగానికి అద్దండి. మొదట పులుపు వద్దన్నవాణ్ణే ఇప్పుడు వెయ్యమంటున్నానని అనుకోకండి. ఇంకు పోయాక పట్టుకోవడానికి నీలం ఉండదు, పైగా సబ్బు క్షారం విరిగి ఉన్ని మెత్తబడుతుంది.

అంచు మీద చుక్కల్ని ముట్టుకోవద్దు. మెరూన్ మీద నీలం చుక్క ముదురు ఎరుపులా కలిసిపోతుంది, పక్కన నిలబడి చూసేవాళ్ళకి కనపడదు. దాన్ని తీయబోతే ఎరుపు మీగడ రంగులోకి దిగుతుంది, అది ఇంకు కంటే పెద్ద మరక. ఎండినవి కదా, ఉండనివ్వండి.

డ్రై క్లీనింగ్ సంగతి. బట్టల షాపులో వేసే ద్రావకం నూనె మరకలకి, నీళ్ళ ఇంకుకి కాదు. ఇవ్వదలుచుకుంటే చేతి ముడి తివాచీలు ఉతికేవాళ్ళకే ఇవ్వండి. ఇంకు పడిందని, ఏ ఇంకో, మీరు ఏమేం వేశారో అన్నీ చెప్పండి. దాచిపెడితే వాళ్ళు వేసే మందు తేడా కొడుతుంది. మేము ఇలాంటి చివరి నీడకి నీలాన్ని విరిచే మందులు వాడతాం, అమ్మోనియా కూడా ఒక్కోసారి పడుతుంది. కానీ అవి తివాచీ సొంత రంగుల్ని కూడా విరుస్తాయి, పోగు పోగుకీ కనిపెట్టుకుని వెయ్యాలి. ఇంట్లో చెయ్యొద్దు. అమ్మోనియా, బ్లీచ్ కలిస్తే విషవాయువు వస్తుంది, అది ఎవరైనా సరే గుర్తుపెట్టుకోవాలి.

అన్నీ అయ్యాక కూడా కొసల్లో నీలం మిగిలితే రెండు దారులున్నాయి. పైపైన మాత్రమే ఉంటే చిన్న కత్తెరతో ఆ కొసల్ని వెంట్రుకవాసి కత్తిరించొచ్చు, అది కూడా నేతగాడే చెయ్యాలి, లేకపోతే అక్కడ గుంట పడుతుంది. లోతుగా ఉంటే ఆ కొన్ని ముడులు విప్పి కొత్త ఉన్నితో మళ్ళీ ముడివేస్తాం. మీగడ రంగు కలపడమే కష్టం. పాత ఉన్ని ఏళ్ళ తరబడి వెలిసి ఒక రంగుకి వచ్చి ఉంటుంది, కొత్తది పక్కన తెల్లగా కొడుతుంది. అందుకే పాత చిరిగిన తివాచీల ఉన్ని విప్పి దాచుకుంటాం. మీ దాని మీగడ రంగుకి దగ్గరది మా దగ్గర ఉండే అవకాశం ఉంది.

పూర్తిగా ఆరాక పగటి వెలుగులో మరక భాగం, దాని వెనక వైపు, రెండూ ఫొటో తీసి పెట్టండి. వెనక వైపు ముఖ్యం, ముడుల లెక్క అక్కడే తెలుస్తుంది. చూసి తీసుకురావాలో అక్కర్లేదో చెబుతాను. ఇంకోటి, కొత్తగా కొనేవాళ్ళకి కూడా చెబుతున్నాను, ఎగ్జిబిషన్లలో సిల్క్ అని అమ్మేవాటిలో చాలావరకు విస్కోస్ (కలప గుజ్జుతో చేసే, పట్టులా మెరిసే పోగు) ఉంటుంది. వాటికి ఈ చెంచా నీళ్ళ పద్ధతి పనికిరాదు, నీళ్ళు పడితే బిరుసెక్కి పచ్చబడతాయి. అంచు నుంచి ఒక పోగు లాగి సింక్ దగ్గర వెలిగించి చూడండి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ళ మధ్య పొడి అవుతుంది. కాగితంలా మండితే విస్కోసో నూలో. కరిగి గట్టి పూసలా అయితే సింథటిక్.

బెజవాడ శైలు

ఫొటోలు రేపు పొద్దున పెడతాను తమ్ముడూ, ఇప్పుడు మంచం మీద ఆరుతోంది. మాస్టారికీ, అన్నయ్యకీ, అందరికీ థాంక్స్. ముడులు విప్పాల్సి వస్తే ఏలూరు మేమే వస్తాం. మామగారు కూడా వస్తానంటున్నారు, ఆ తివాచీ నేసిన వీధి ఆయనకి గుర్తుందట.

ఉన్నీ ముడీ

తప్పకుండా రండి అక్కా. బస్సులో వస్తే తివాచీని మడత పెట్టకుండా చుట్టండి, ఉన్ని లోపలికి ఉండేలా, మధ్యలో పాత దుప్పటి వేసి.